రాళ్ళను పడుకోబెట్టిన కొర్లమ్మ

“బతికున్నదాన్ని ఒక్కదాన్నీ ముట్టుకోం. ఒడ్డున పడ్డ చచ్చిన గుల్లలే ఏరుకుంటాం. మడుగుల జోలికి రాం. సముద్రం సాక్షి.”

దివాణం మనిషి ఈ మాట అన్నాడు. తమలపాకులో వక్క పెట్టి మరీ అన్నాడు. ఎప్పుడన్నాడు? మన తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో అన్నాడు. ఆ కాలంలో ఒక రాజు ఉండేవాడు. రాజు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆ కాలంలోనే కొర్లమ్మ అనే ఆడమనిషి ఉండేది. ఆమె పేరు ఆ తీరంలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఎందుకు తెలుసో చెబుతాను, వినండి.

ఒక కొండ సముద్రంలోకి కాలు జాపుకుని కూర్చుంది. ఆ కాలి చుట్టూ నల్లరాళ్ళు. రాళ్ళ వెనక జాలరి పల్లె. యాభై గడపలు, పన్నెండు పడవలు. ఊరి రచ్చలో పడవ ఉన్నవాడికి చాప. పడవలో పాలు, అంటే వాటా, ఉన్నవాడికి చాప అంచు. పడవా లేక, పాలూ లేక, ఒక కాలు కుంటిదైన ఆడదానికి ఏముంటుంది? దూరంగా నిలబడడానికి ఇసక ఉంటుంది. కొర్లమ్మకి అదే ఉండేది.

కుంటికాలితో చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకి నడవలేదు. అందుకని రాళ్ళ మీదే బతికేది. ఆటు దిగినప్పుడు సముద్రం వెనక్కి జరిగేది. రాళ్ళ మధ్య నీళ్ళు మడుగులుగా మిగిలేవి. కొన్ని చెంబంత. కొన్ని చాపంత. కొన్ని మనిషి లోతు. కొర్లమ్మ కర్ర పొడుచుకుంటూ మడుగులోకి దిగేది. రాయి ఎత్తేది. కింద చూసేది. కావలసిన రెండు ఆల్చిప్పలో, ఒక పీతో తీసుకునేది. రాయిని ముందు ఎలా ఉందో అలాగే పడుకోబెట్టేది. ఎత్తేది, చూసేది, పడుకోబెట్టేది. ఆటు ఉన్నంతసేపూ అదే పని.

ఆ మడుగుల్లో ఏముండేవి అంటారా? రాతికి అతుక్కుని పువ్వులాంటి జీవం ఒకటి ఉండేది. వేలు పెడితే వేలిని పట్టుకునేది. ఇది తిండి కాదని తెలిశాక వదిలేసేది. సొంత గుల్ల లేని పీత ఒకటి చచ్చిన నత్తగుల్లలో కాపురం ఉండేది. ఒళ్ళు పెరిగితే ఇల్లు మారేది. నల్ల ముళ్ళ బంతి ఒకటి రాతిలో గుంత తొలుచుకుని అందులోనే పెరిగి, బయటికి రాలేక అక్కడే ముసలిదయ్యేది. అయిదు కాళ్ళ చుక్క ఒకటి తెగిపోయిన కాలిని మళ్ళీ మొలిపించుకునేది. దాన్ని చూసినప్పుడల్లా కొర్లమ్మ తన కుంటికాలు తడుముకుని, “నీకు సెప్పిన ఆ కిటుకు నాకు సెప్పలేదే ఆ దేవుడు,” అని నవ్వేది.

పక్కింటి ఎర్రయమ్మ ఆమెను చూసి నవ్వేది. వయసులో పెద్దదని ఆమెని కొర్లమ్మ అక్క వరసన ‘అప్పా’ అనేది. ఎర్రయమ్మ మొగుడు పరదేశి ఆ ఊరి కులపెద్ద. రెండు పడవల ఇల్లు. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే, కానీ నోరే ముందు వచ్చేది.

“ఒలే కొర్లా! రాయికి జోకొడుతున్నావేటే? లాలి కూడా పాడు!”

“పాడతానప్పా, నువ్వు కాసేపు నోరు మూసుకుని నిద్రోతానంటే.”

“ఎత్తిన రాయిని ఒగ్గేస్తే ఏటౌద్దే? దానికేటి, నడుము నొప్పెడతాదా?”

అప్పుడు కొర్లమ్మ ఒక రాయి ఎత్తి చూపించేది. పై మొహం నిండా పచ్చని నాచు. కింది మొహం తెల్లగా, ఎర్రగా, బుడిపెలు బుడిపెలుగా.

“ఇదిగో సూడప్పా. ఒకే రాయి, రెండూళ్ళు. పై ఊరికి ఎండ కావాల. కింది ఊరికి సీకటి కావాల. తిరగేసి ఒగ్గేసినావంటే పై ఊరు సీకట్లో కుళ్ళిపోద్ది, కింది ఊరు ఎండలో మాడిపోద్ది. ఒక్క సేత్తో రెండూళ్ళు తగలెట్టినట్టు కాదా?”

“ఓలమ్మ, రాళ్ళకి కరణం దొరికినాది!” అనేది ఎర్రయమ్మ. అందరూ నవ్వేవాళ్ళు.

ఏడాదికి ఒక్క కాలంలో మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆశ్వయుజంలో తుపాన్లు మొదలయ్యేవి. కార్తీకం దాటేదాకా పడవలు ఒడ్డు దిగేవి కాదు. అప్పుడు పన్నెండు పడవలవాళ్ళూ చాటలు పట్టుకుని రాళ్ళ మీదికి వచ్చేవాళ్ళు. ఏ మడుగులో ఏముందో కొర్లమ్మనే అడిగేవాళ్ళు. ఆమె కర్రతో చూపించేది. ఊరు ఆ రెండు నెలలూ రాళ్ళ మీద బతికేది. గాలి తగ్గాక పడవలు దిగేవి. మళ్ళీ నవ్వేవాళ్ళు.

ఆ ఊళ్ళో నీళ్ళకి కట్టుబాట్లు ఉండేవి. తొలి చేప గంగమ్మకి. చావు జరిగిన రోజు వల వేయకూడదు. జాతర రోజు పడవ తాకకూడదు. రాళ్ళకి మాత్రం ఏ కట్టుబాటూ లేదు. రాళ్ళు నీళ్ళూ కావు, నేలా కావు. ఎవరివీ కావు అనుకున్నారు. వాళ్ళు చేసిన తప్పంతా అదే. ఎవరిదీ కానిదాన్ని ముందుగా పట్టుకునేది పెద్దవాడే. ఇది అన్ని కాలాల్లోనూ జరిగిన మాట.

ఒక చైత్రమాసంలో దివాణం నుంచి విస్సన్న వచ్చాడు. సున్నపు బట్టీలకి పెద్ద అతను. రాజు కొత్త మేడ కడుతున్నాడు. గోడలు అద్దంలా మెరవాలట. అలా మెరవాలంటే గుల్ల సున్నం కావాలి. రచ్చ కూడింది. చాప మీద పరదేశి, చాప ఎదురుగా విస్సన్న. దూరంగా ఇసకలో కొర్లమ్మ.

విస్సన్న ఆ మాట అన్నాడు. మొదట్లో చెప్పానే, ఆ మాటే. పరదేశి తాంబూలం అందుకున్నాడు. రాళ్ళ మీద బతికే మనిషిని ఒక్కళ్ళూ అడగలేదు. ఆమె చాప మీద లేదు కదా.

ఒడ్డున బట్టీ లేచింది. ఊరంతా చచ్చిన గుల్లలు ఏరింది. గంపకి తవ్వెడు బియ్యం. మూడు పక్షాలు గడిచాయి. చచ్చిన గుల్లలు అయిపోయాయి. మేడ సగంలో ఉంది.

విస్సన్న గునపాలు తెచ్చి ఒడ్డున పడేశాడు. “రాళ్ళకి అతుక్కున్నవి కూడా గుల్లలే కదా,” అన్నాడు. “గంపకి రెండు తవ్వలు.”

ఊరు రాళ్ళ మీదికి ఎగబడింది. రాళ్ళు ఎత్తారు, గీకారు, బోర్లించి వదిలేశారు. ఇంకో రాయి. ఇంకో రాయి.

దాచి చెప్పడం దేనికి? కొర్లమ్మ కూడా వెళ్ళింది. రెండు తవ్వల బియ్యం ఆమె ఎన్నడూ ఒకచోట చూడలేదు. ఆ రోజు ఆమె కూడా ఎత్తింది, గీకింది, వదిలేసింది. గంప నిండాలి. పడుకోబెట్టడానికి తీరిక ఎక్కడిది? ఇంటికి వెళ్ళి అన్నం వండుకుంది. తెల్లని అన్నం. కడుపునిండా తింది.

మర్నాడు ఆటుకి మడుగు దగ్గరికి వెళ్ళింది. నిన్న తాను తిప్పిన రాళ్ళు బోర్లా పడి ఉన్నాయి. నాచు కింద పడి కుళ్ళుతోంది. వేలు పట్టుకునే పువ్వు ఉమ్మిలా ఎండిపోయింది. అయిదు కాళ్ళ చుక్క చెక్కముక్కలా బిగుసుకుపోయింది. గాలిలో కంపు. కొర్లమ్మ ఆ చుక్కని అరచేతిలోకి తీసుకుంది.

“రెండు తవ్వలకి ఎన్నూళ్ళు తగలెట్టినాను తల్లీ,” అంది.

కూర్చుని ఏడిస్తే రాయి కదలదు. ఆమె లేచింది. ముగ్గురిని అడగడానికి బయలుదేరింది.

ముందు పరదేశిని అడిగింది. “అన్నా, తాంబూలం పుచ్చుకున్నది నువ్వు. మాట తప్పినారు. ఆపించు.”

పరదేశి వల అల్లుతూ తల ఎత్తలేదు. “అందరూ ఎత్తుతుంటే నానొక్కణ్ణి ఆపితే ఆగుతాదేటే? అయినా అవి రాళ్ళే. మన పడవలు బాగున్నాయి కదా.”

తరవాత విస్సన్నని అడిగింది. “బాబూ, సముద్రం సాక్షి అన్నావు.”

విస్సన్న మంచివాడిలాగే మాట్లాడాడు. “అన్నానమ్మా. అన్నది నేను. ఆజ్ఞ దివాణానిది. సముద్రం ఏమైనా వచ్చి సాక్ష్యం చెబుతుందా?”

తరవాత కుంటికాలితో మూడు రోజులు నడిచి దివాణానికి వెళ్ళింది. మేడ తెల్లగా మెరుస్తోంది. గుమస్తా గుమ్మంలోనే ఆపాడు.

“ఏం కావాలి?”

“జవాబు కావాల బాబూ. మడుగుల జోలికి రామన్నారు. ఎందుకొచ్చినారు?”

“నీకు ఎన్ని పడవలు?”

“పడవ నేదు.”

“భూమి?”

“నేదు.”

“మరి నీకు జవాబు దేనికి? సరే, రాసుకున్నాను. కబురు చేస్తాం, వెళ్ళు.”

కొర్లమ్మ మూడు రోజులు నడిచి తిరిగి వచ్చింది. కబురు కోసం ఒక పక్షం చూసింది. కబురు రాలేదు. కర్ర తీసుకుని రాళ్ళ మీదికి వెళ్ళింది.

కొండ మొదట్లో, ఒక చీలిక వెనక, చాపంత మడుగు ఒకటి ఉంది. గంప పట్టని సందు అది. గునపాలు ఇంకా అక్కడికి పోలేదు. కొర్లమ్మ అక్కడ మొదలుపెట్టింది. చుట్టూ ఊరు బోర్లించిన రాళ్ళని ఒక్కొక్కటే తిప్పింది. నాచు మొహం పైకి, తెల్ల మొహం కిందికి. ఎత్తేది, చూసేది, పడుకోబెట్టేది. ఇప్పుడు తీసుకోవడానికి ఏమీ లేదు. అయినా ఎత్తేది, చూసేది, పడుకోబెట్టేది.

“సచ్చినోళ్ళకి దుప్పటి కప్పుతున్నావేటే?” అంది ఎర్రయమ్మ.

“అప్పా, సచ్చినారో, సలేసి ముడుసుకున్నారో మనకేటి తెలుసు? కప్పేస్తే తప్పేటి?”

ఆటు దిగింది, పోటు ఎక్కింది. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. ఆశ్వయుజంలో తుపాను వచ్చింది.

పడవలు ఒడ్డెక్కాయి. వాన బట్టీని ఆర్పేసింది. విస్సన్న వెళ్ళిపోయాడు. కాల్చకుండా మిగిలిన గుల్లల గంపలు వానలో నాని కుళ్ళాయి. ఇళ్ళలో బియ్యం పది రోజులు వచ్చింది. పదకొండో రోజున పన్నెండు పడవలవాళ్ళూ చాటలు పట్టుకుని రాళ్ళ మీదికి వచ్చారు. రాయి ఎత్తితే ఇసక. ఇంకో రాయి ఎత్తితే ఇసక. మూడో రాయి ఎత్తితే నల్లటి బురద.

“కొండ మొదట్లో కొర్లమ్మ మడుగుంది!” అన్నారెవరో.

అందరూ అటు పరుగెత్తారు. సందులో కొర్లమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. ఆమె కూడా రెండు రోజులుగా తినలేదు. డొక్కలు చూస్తే తెలుస్తోంది.

ఎర్రయమ్మ ముందుకు వచ్చింది. ఈసారి నవ్వలేదు. “కొర్లా, నా కోడలికి పాలు ఎండిపోనాయే. పిల్ల ఏడవడానికి కూడా ఓపిక నేక పడుంది. నాలుగు ఆల్చిప్పలియ్యే. నాలుగే.”

కొర్లమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచింది. జరిగి దారి ఇచ్చింది.

“నువ్వొక్కదానివే రా అప్పా. సూసి తీసుకో.”

ఎర్రయమ్మ మడుగులోకి దిగింది. వంగి చూసింది. నీళ్ళలో వేలు పట్టుకునే పువ్వు ఉంది. అద్దెకాపురం పీతలు రెండు. రాతికి ఆల్చిప్పలు, మహా ఉంటే ముప్ఫై.

“నాలుగు నీకు,” అంది కొర్లమ్మ. “ఎనకింటి పోలమ్మ కోడలు కూడా బాలింతే. నాలుగు దానికి. యాభై గడపలు. ఎవరి దాకా వస్తాదో నువ్వే సెప్పు. ఆ రాయెత్తు. కింద సూడు.”

ఎర్రయమ్మ రాయి ఎత్తింది. కింది మొహం మీద నూకల్లాంటి తెల్లని గింజలు, వరసలు వరసలుగా అతుక్కుని ఉన్నాయి.

“ఇయ్యేటే?”

“గుడ్లు. ఈ తీరంలో మిగిలిన విత్తనం ఇదే. తింటే ఈ పూటకి. ఒగ్గేస్తే మన పిల్లల పిల్లలకి. నాను ఆపను అప్పా. ఒకనాడు నాను కూడా గంప నింపినదాన్నే. నిన్నాపే నోరు నాకు నేదు.”

ఎర్రయమ్మ ఆ రాయి పట్టుకుని గుడ్లకేసి చూసింది, సందు బయటికి చూసింది. బయట ఊరంతా ఆమె మొహమే చూస్తోంది. ఆమె వంగింది. రాయిని పడుకోబెట్టింది. నాచు మొహం పైకి, తెల్ల మొహం కిందికి. ఒక్క ఆల్చిప్ప కూడా తీసుకోకుండా బయటికి వచ్చింది.

వచ్చి ఊరి వైపు తిరిగింది. ఆ పెద్ద నోరు అప్పుడు పనికొచ్చింది.

“ఆకలేస్తే ఆకలెట్టినోడి గుమ్మానికెల్లాల! ఇంకొకళ్ళ విత్తనాల గాదిలో దూరతామేటి? ఒడ్డున మన గంపలున్నాయి. ఏరినోళ్ళం మనం, అడిగినోడు ఆ రాజు. పట్టుకెళ్ళి ఇచ్చేద్దాం రండి!”

“కంపు కొడతన్నాయి కదే!” అన్నాడు పరదేశి.

“అందుకే!” అంది ఎర్రయమ్మ.

ఊరంతా గంపలు ఎత్తింది. ముక్కులకి గుడ్డలు కట్టుకుని, వానలో మూడు రోజులు నడిచారు. కొర్లమ్మని వంతులేసుకుని మోశారు. చంటిపిల్లలకి దారిలో ఊళ్ళవాళ్ళు గంజి పోశారు. లేనివాడి కుండలోనే గంజి దొరికింది. ఉన్నవాడి తలుపు తెరుచుకోలేదు. కుళ్ళిన గుల్లలన్నీ తెల్లని మేడ గుమ్మంలో కుప్పపోసి, ఆ కుప్ప పక్కనే కూర్చున్నారు.

మొదటి రోజు బంట్రోతులు నవ్వారు. రెండో రోజు బంట్రోతులు ముక్కు మూసుకున్నారు. మూడో రోజు రాజు ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. గాదెలు తెరిచారు. తుపాను కాలం గడిచేటంత ధాన్యం బళ్ళ మీదకి ఎక్కించారు. ఇక తీరంలో గునపం పెట్టబోమని చాటింపు వేయించారు.

ఊరు సంబరపడింది. కొర్లమ్మ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది.

“ధాన్యం ఇచ్చినారు బాబూ, సల్లగా ఉండండి. జవాబియ్యలేదు. మడుగుల జోలికి రామని ఎందుకొచ్చినారు?”

గుమస్తా ఆమెని చూశాడు, ధాన్యం బళ్ళని చూశాడు. “ఇంకా ఏం జవాబమ్మా? తిండి దొరికింది కదా!”

“తిండికి తిండే. మాటకి మాటే,” అంది కొర్లమ్మ.

తరవాత మూడేళ్ళు ఆమె రాళ్ళు తిప్పుతూనే ఉంది. ఇప్పుడు ఒంటరిగా కాదు. మొదటి ఏడాది ఆడవాళ్ళు వచ్చారు. రెండో ఏడు మగవాళ్ళు వచ్చారు. మూడో ఏడు పరదేశి కూడా వచ్చాడు, తన చాప ఇంట్లో వదిలేసి. చాపంత మడుగులోంచి జీవం పక్క మడుగుకి పాకింది. అక్కడినుంచి ఆ పక్కదానికి. మొదట నాచు వచ్చింది. నాచు కోసం నత్తలు వచ్చాయి. నత్తల కోసం పీతలు వచ్చాయి.

మూడో ఏడు మాఘమాసంలో కొర్లమ్మ మంచం పట్టింది. ఎర్రయమ్మ తల దగ్గర కూర్చుని గంజి పట్టింది.

“అప్పా, ఒక్కటి మిగిలిపోనాది. కొస రాయి, పెద్దది, ఊరంతా గునపాలేసి బోర్లించినాం. నా ఒక్కదాని వల్ల కాలేదు.”

“పడుకోవే. నీకంటే ఆ రాయే నయం, సెప్పినట్టు పడుకుంటాది.”

మర్నాడు అమావాస్య. ఏడాదిలో ఎన్నడూ లేనంతగా సముద్రం వెనక్కి జరిగింది. ఊరంతా మోకులు తీసుకుని కొస రాయి దగ్గరికి వెళ్ళింది. పడవ లాగేటప్పుడు పట్టే హైలెస్సా పట్టి, మూడు ఊపుల్లో దాన్ని తిప్పి పడుకోబెట్టారు. ఆ కేక గుడిసె దాకా వినిపించింది.

“పడుకున్నాదా?” అంది కొర్లమ్మ.

“పడుకున్నాది,” అంది ఎర్రయమ్మ.

కొర్లమ్మ నవ్వింది. పోటు ఎక్కేలోగా ప్రాణం పోయింది. ఊళ్ళో అందరికంటే పేదది ఆమె. ఆ రోజు పన్నెండు పడవల్లో ఏ పడవా నీళ్ళు తాకలేదు.

ఇప్పటికీ ఆ తీరంలో మడుగులో రాయి ఎత్తేవాళ్ళు, “కొర్లమ్మప్పా, కప్పు ఎత్తుతున్నాం,” అంటారు. దించేటప్పుడు, “పడుకోబెట్టినాం,” అంటారు. తప్పు చేసిన మనిషి దాన్ని దిద్దుకుంటే, “రాయి తిప్పుకున్నాడు,” అంటారు. రచ్చలో చాప వేయడం ఆ ఊళ్ళో ఎప్పుడో మానేశారు. అందరూ ఇసకలోనే కూర్చుంటారు.

ఇంకొకటి కూడా చేస్తారు. ప్రతి మాఘ అమావాస్యకి ఊరి నుంచి ముగ్గురు బయలుదేరి దివాణానికి వెళతారు. ఆ రాజు పోయాడు. ఆ మేడా పోయింది. అక్కడ వేరేవాళ్ళు కూర్చుంటున్నారు, వాళ్ళ తరవాత ఇంకొకళ్ళు. ఎవరు కూర్చున్నా, ముగ్గురూ గుమ్మంలో నిలబడి అదే అడుగుతారు. “మాట ఇచ్చి ఎందుకు తప్పారు?” ఎవరున్నా ఒకటే అంటారు. “రాసుకున్నాం. కబురు చేస్తాం.”

కథలన్నీ కంచికి వెళతాయి. ఈ కథని ఆ ఊరివాళ్ళు కంచికి వెళ్ళనివ్వరు. జవాబు రాలేదు కదా. ఈ ఏడాది వెళ్ళిన ముగ్గురూ ఇక ఊరికే అడిగి రాలేదు, గడువు పెట్టి వచ్చారు. గడువు వచ్చే మాఘ అమావాస్య, సముద్రం అన్నిటికంటే వెనక్కి జరిగే పొద్దు. అప్పటికీ జవాబు రాకపోతే ముగ్గురు కాదు, ఊరంతా వచ్చి ఆ గుమ్మంలో కూర్చుంటుంది.